బతికున్న మేయరుగారి తద్దినం

ద్రాగొమీర గ్రామంలో ప్రజలందరూ సమానులే. ఈ సంగతి పంచాయతీ ఆఫీసు గోడమీద నీలం రంగుతో రాసి ఉంది. రంగు వెలిసినప్పుడల్లా మేయరు ఒక్తావ్ బర్జాన్ గారు సొంత ఖర్చుతో మళ్ళీ వేయిస్తుంటారు. బర్జాన్ గారికి ఒక ఓటు. వాగు అవతల ఉండే సఫ్తాకీ ఒక ఓటే. తక్కిన తేడాలు చెప్పుకోదగ్గవి కావు. ఆయనకు ఐదు వేల ఎకరాల గోధుమ చేలు, రంపపు మిల్లు, ధాన్యం గోదాం, పెట్రోలు బంకు, ఊళ్ళో ఉన్న ఒకే ఒక దుకాణం, ఇంటి ముందు చేపల చెరువు ఉన్నాయి. ఆమెకు రెండు మేకలున్నాయి. వాటిలో ఒకటి పాలిస్తుంది.

అటువంటి ఊళ్ళో, ఈ ఏటి ఎన్నికలకు ముందు, పంచాయతీ తలుపుమీద ఒక ప్రకటన వెలిసింది. "మేయరు పదవికి శ్రీ బర్జాన్ గారు తప్ప మరెవరూ పోటీ చేసే సూచనలు లేనందున, ప్రచారం అనవసరమని భావించి, ఈసారి బకెట్ల పంపిణీ ఉండబోదని తెలియజేయుటకు విచారిస్తున్నాము. ఓటర్లు యథావిధిగా ఓటు వేయవలెను."

బకెట్టు అంటే వట్టి బకెట్టు కాదు. ఎర్రటి ప్లాస్టిక్ బకెట్టు, మూతమీద మేయరుగారి నవ్వు, లోపల రెండు సీసాల పొద్దుతిరుగుడు నూనె, పంచదార, గోధుమపిండి, బియ్యం. నాలుగేళ్ళకోసారి ప్రజాస్వామ్యం ద్రాగొమీరకు ఈ రూపంలో వస్తుంది. ఇరవై ఏళ్ళలో ప్రతి ఇంట్లోనూ ఐదేసి బకెట్లు పోగయ్యాయి. ఒకదాంట్లో పాలు పితుకుతారు, ఒకదాంట్లో క్యాబేజీ ఊరేస్తారు, ఒకటి చూరు కారే చోట పెడతారు. పందులకు కుడితి పెట్టేది కూడా ఆ నవ్వులోనే.

ఇంతకుముందు పోటీదారులకు కొదవ ఉండేది కాదు. మొదటిసారి పోటీ చేసిన బడిపంతులు ఇప్పుడు మేయరుగారి కార్యదర్శి. రెండోసారి నిలబడ్డ మెకానిక్కు పెట్రోలు బంకు చూసుకుంటున్నాడు. ప్రతిపక్షమంటే బర్జాన్ గారికి అంత గౌరవం. ఎవరినీ ఊరికే వదిలిపెట్టలేదు. దాంతో ఊళ్ళో ప్రతిపక్షం అయిపోయింది.

ఆ సాయంత్రం దుకాణం ముందు ఊరంతా పోగైంది.

"ఓటు మాత్రం వేయించుకుంటారంట, నూనె చుక్క మాత్రం రాల్చరంట! ఇదేం ప్రజాస్వామ్యమమ్మా?" అంది గెర్గీనా. ఆమె ఆ దుకాణంలోనే పనిచేస్తుంది కాబట్టి గొంతు తగ్గించే అంది.

"నాలుగేళ్ళకోసారైనా మనమున్నామని ఆయనకి గుర్తొచ్చేది. ఇంక అదీ పోయింది," అన్నాడు తనాసె, ప్లమ్ సారా గ్లాసులోకి చూస్తూ. తనాసె నలభై ఏళ్ళు ట్రాక్టరు తోలి, ఇప్పుడు ఊరి వ్యవహారాలు తోలుతున్నాడు. "దీనికి మందు ఒక్కటే. మనమే ఎవర్నో ఒకర్ని నిలబెట్టాలి."

అందరికీ ఈ మాట నచ్చింది. నిలబడటం మాత్రం ఎవరికీ నచ్చలేదు. ఒకరి కొడుకు రంపపు మిల్లులో ఉన్నాడు. ఒకరి పొలం మేయరుగారి కౌలులో ఉంది. ఒకరి బావమరిది బంకులో ఉన్నాడు. ఇలా ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ పోతే, బర్జాన్ గారు తీసుకోగలిగింది ఏదీ మిగలని మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే తేలింది. ఆమె వాగు అవతలి సఫ్తా. అంతటి స్వేచ్ఛ ద్రాగొమీరలో ఇంకెవరికీ లేదు.

తనాసె, గెర్గీనా చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి వెళ్ళారు.

ఈ వాగు గురించి రెండు మాటలు చెప్పాలి. దీనిమీద ఒకప్పుడు కర్ర వంతెన ఉండేది. పదమూడేళ్ళ కిందట వరదలో కొట్టుకుపోయింది. అప్పటినుంచి ప్రతి ఎన్నికకూ కొత్త వంతెనకు శంకుస్థాపన జరుగుతూనే ఉంది. ఇప్పటికి మూడు ఎన్నికలు, మూడు రాళ్ళు. మేయరుగారి పేరు చెక్కిన ఆ రాళ్ళను ఊరి గట్టునుంచి వరసగా నీళ్ళలోకి వేయించారు. జనం వాటిమీద కాళ్ళు పెట్టి కొంతదూరం పొడిగా నడుస్తారు. ఇంకో ఆరు ఎన్నికలు జరిగితే వంతెనతో పని లేకుండానే దాటేయవచ్చని ఇంజనీరుగారి అంచనా.

సఫ్తా మొగుడు మరీన్‌కు అంతవరకూ ఓపిక లేకపోయింది. కిందటేడు మార్చిలో, మంచు కరిగి వాగు పొంగిన రోజున, అతనికి గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సు చెప్పిన టైముకే వచ్చింది. వచ్చి ఇవతలి గట్టుమీద ఆగింది. వైద్యం కేకలతో సాగింది. "పడుకోబెట్టండి!" అని ఇటునుంచి డాక్టరు అరిచింది. "పడుకోబెట్టాను!" అని అటునుంచి సఫ్తా అరిచింది. "నాలుక కింద మాత్ర పెట్టండి!" "మాత్రలు మీ దగ్గరున్నాయి!" ఇలా దాదాపు గంటన్నర. ఆ తరవాత సఫ్తా అరవడం మానేసింది. చికిత్స ముగిసినట్టు డాక్టరు కాగితంమీద రాసుకుంది.

"వదినా, నువ్వు గెలవక్కర్లా. నిలబడితే చాలు," అన్నాడు తనాసె, గడప ముందు పాంటు పిండుకుంటూ.

"నా మోకాళ్ళకి నిలబడటమే కష్టం మరిదీ. కూర్చుని చేసే పనేమన్నా ఉంటే చెప్పు."

"అయ్యో అక్కా, పేరుకే! నువ్వు నిలబడ్డావంటే బకెట్లొస్తాయి. ఊరందరి నోట్లోకి నాలుగు నూనె చుక్కలు పోతాయి. ఆ పుణ్యం నీది కాదా?" అంది గెర్గీనా.

"గెలిస్తే?"

ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వారు. "గెలిచే పనైతే నిన్నెందుకడుగుతాం వదినా," అన్నాడు తనాసె.

సఫ్తా మేక పొదుగు తుడుస్తూ కాసేపు ఆలోచించింది. "నాకు బకెట్టు వద్దు. వంతెన కావాలి. పోటీ ఉంటేనే ఆయనకి మనమీద ప్రేమ పుడతదంటున్నారు కదా. సరే, నిలబడతాను. వంతెనకి సరిపడా ప్రేమ పుట్టిందాకా నిలబడతాను."

నామినేషనుకు సంతకాలు కావాలి. మేయరుగారొక్కరు తప్ప ఊరంతా చేసింది. ఒక అభ్యర్థికి ఇంతటి ప్రజాబలం ఆ జిల్లా చరిత్రలో లేదని పత్రికలవాళ్ళు రాశారు.

బర్జాన్ గారు కోపం తెచ్చుకోలేదు. ఎదురు లేని గెలుపుకు పేపర్లో చిన్న ఫోటోయే వేస్తారని ఆయనకు తెలుసు. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. అభ్యర్థులు ఓటర్లకు ఏమీ ఇవ్వకూడదని ఈ మధ్యనే కొత్త చట్టం వచ్చింది. ఇస్తే లంచం. ఆయన వకీలు చట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పోలింగుకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు పితరుల శనివారం వస్తున్నదని గుర్తుచేశాడు.

పితరుల శనివారం నాడు ఈ కొండల్లో ప్రతి ఇంటివాళ్ళూ పోయినవాళ్ళ పేరున దానం చేస్తారు. ఇక్కడ ఎవరి పేరున ఏది ఇస్తే, అది అక్కడ, పరలోకంలో, వాళ్ళకు చేరుతుంది. పుచ్చుకున్నవాడు ఆ పేరు పలికి, "ఆ ఆత్మను దేవుడు చల్లగా చూడుగాక" అనాలి. అనకపోతే దానం చెల్లదు. దానాన్ని ఏ చట్టమూ ఆపలేదు. కాకపోతే దానానికి చనిపోయిన మనిషి ఒకరు కావాలి. మేయరుగారి తండ్రిగారి పేరున ఇవ్వవచ్చు గానీ, బకెట్టుమీద తండ్రిగారి నవ్వు వేస్తే లాభమేమిటి? దానికీ వకీలు దారి చూపించాడు. తరవాత తమకు చేసేవాళ్ళు లేరనుకున్న ముసలివాళ్ళు, బతికుండగానే తమ తద్దినం తామే పెట్టుకోవడం ఇక్కడి పాత ఆచారం. చర్చి ఒప్పుకుంటుంది. చట్టం మాట్లాడదు.

ఆ విధంగా, ఆ శనివారం నాడు, అరవై ఎనిమిదేళ్ళ ఒక్తావ్ బర్జాన్ గారు నల్ల సూటు వేసుకుని తన తద్దినపు బల్లకు తలవైపున కూర్చున్నారు. ఫాదర్ ఇలారియోన్ సాంబ్రాణి వేసి ఆయన ఆత్మకోసం ప్రార్థన చదివారు. అచ్చంగా పోయినవాళ్ళకు చేసినట్టే క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, మొక్కజొన్న సంకటి, బెల్లం రంగు తేలిన గోధుమ ప్రసాదం వడ్డించారు. ఒక్కొక్కరే వచ్చి బకెట్టు అందుకుని, మూతమీద నవ్వును చూసి, ఎదురుగా ఉన్న నవ్వును చూసి, "ఒక్తావ్ ఆత్మను దేవుడు చల్లగా చూడుగాక" అని వెళ్ళారు. ఆయన ప్రతి ఒక్కరికీ "మీ దయ" అన్నారు.

భోజనాల మధ్యలో ఆయన లేచి ప్రసంగించారు. "సోదరసోదరీమణులారా! నాకు మీకంటే కాస్త ఎక్కువ ఉందని బయటివాళ్ళు కొందరు గొణుగుతున్నారు. నేను దాచను. ఉంది. కానీ మీరు లేకపోతే నేనెవరికి ఇవ్వాలి? నేను లేకపోతే మీకెవరిస్తారు? ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ కలిపి కట్టిన ఈ దారం పేరే ప్రజాస్వామ్యం. అది తెగకుండా ఇరవై ఏళ్ళుగా మీ పేదరికాన్ని నా కన్నబిడ్డలా కాపాడుకుంటూ వస్తున్నాను. నా తరవాత కూడా అది క్షేమంగా ఉండేటట్టు ఏర్పాట్లు చేశాను." చప్పట్లు చాలాసేపు మోగాయి. కొందరు బకెట్లు కూడా వాయించారు.

అదే సమయంలో, చర్చి గేటు దగ్గర, సఫ్తా కూడా దానం చేస్తోంది. మరీన్ పేరున పన్నెండు మట్టి లోటాలు తెచ్చింది. ఒక్కోదాంట్లో మేకపాలు, పిడికి కట్టిన చెర్రీ పళ్ళ జత, మీద ఒక చిన్న రొట్టె. మొదటి లోటా చేతులు మారకముందే పోలీసాయన ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి పన్నెండింటినీ స్వాధీనం చేసుకున్నాడు.

"ఇదేం పని బాబూ? ఇవి మా ఆయన దానం."

"అభ్యర్థి ఓటర్లకి పాలు పంచటం నేరం సఫ్తమ్మా. లంచం కిందికొస్తది."

"మరి అక్కడ ఆయన పంచే నూనో?"

"అది తద్దినం."

"ఇదీ తద్దినమేగా? ఇంకా మా ఆయన నిజంగానే పోయాడు కూడాను."

"అదే వచ్చిన చిక్కు," అన్నాడు పోలీసాయన ఓపిగ్గా. "ఆయన బతికున్నాడు, నీ పేరునేనా ఇస్తోందని అడిగితే అవునంటాడు. మీ ఆయన్ని పిలిచి ఏమని అడగను?"

పాలు విరిగిపోయే సాక్ష్యం కావటంతో పోలీసులు అక్కడికక్కడే తాగేశారు. మరీన్ పేరు మాత్రం ఎవరూ పలకలేదు. పలికితే దానమైపోతుంది, కేసు నిలవదు.

సఫ్తా ఖాళీ తట్ట చంకన పెట్టుకుని తిన్నగా మేయరుగారి తద్దినపు బల్ల దగ్గరికి నడిచింది. అభ్యర్థిని చూసి అందరూ దారి ఇచ్చారు.

"అయ్యా, మహా గొప్పగా చేశారు," అంది ఆమె. "అక్కడ మీకు నూనెకి కొదవ లేదు. పంచదారా ఉంది, పిండీ ఉంది, నీళ్ళకి బకెట్లు చెప్పక్కర్లేదు. కానీ వంతెనేదయ్యా? వంతెన వేయించలేదే? నది దాటేదెట్లా?"

ఆమె అన్నది ద్రాగొమీరలో పసిపిల్లకు కూడా తెలిసిన విషయం. పోయినవాళ్ళు అక్కడ ఒక నది దాటాలి. వాళ్ళ పేరున ఇక్కడ ఎవరైనా నీళ్ళమీద ఒక పలకైనా వేస్తేనే దాటగలరు. లేకపోతే ఇవతలి గట్టునే నిలబడిపోతారు.

బర్జాన్ గారు ఫాదర్ వైపు తిరిగారు. "పుస్తకంలో లేదు," అన్నారు ఫాదర్ ఇలారియోన్, గడ్డం నిమురుకుంటూ. "కానీ నిజమే."

మేయరుగారి గుండెలో అప్పటికే రెండు స్టెంట్లు వేసి ఉన్నాయి. వందల కొద్దీ బకెట్లు పక్కన పెట్టుకుని ఆ గట్టుమీద నిలబడిపోయిన తన ఆకారం ఆయన కళ్ళముందు కదిలింది. అక్కడ తనకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నవాళ్ళెవరో కూడా కనిపించినట్టుంది. మొహం సంకటి రంగుకు తిరిగింది. వెంటనే లేచి ప్రకటించారు. "వంతెన వేయిస్తాను! ఓక్ కర్రతో!"

మంగళవారం నాడు మిల్లు లారీ వచ్చి వాగు ఒడ్డున ఓక్ పలకలు దించి వెళ్ళింది. సఫ్తా ఆ రోజు నాలుగుసార్లు వాగు దాటి వచ్చి వాటిని ముట్టుకుని చూసింది. కొత్త కర్ర వాసన. రెండు పలకలు పక్కపక్కన వేస్తే మంచం మోసుకుపోయేంత వెడల్పు. అంబులెన్సువాళ్ళ మంచం ఎంత వెడల్పుంటుందో ఆమె అవతలి గట్టునుంచి గంటన్నర చూసింది.

పలకలతో పాటు ఒక కబురు కూడా వచ్చింది. పోలింగు అయిన మర్నాడు సోమవారమే పని మొదలవుతుంది. అయితే దానం చెల్లాలంటే ఊళ్ళో అందరి మనసూ కలిసి ఉండాలి. ఒక్క మనసు ఎడంగా ఉన్నా అక్కడికి చేరదు. మనసు కొలిచే సాధనం ఓటు తప్ప మరొకటి లేదు కాబట్టి, మేయరుగారు అన్ని ఓట్లూ ఆశిస్తున్నారు.

తనాసె, గెర్గీనా మళ్ళీ చెప్పులు చేత పట్టుకున్నారు.

"వదినా, ఒక్క మాట. నిన్ను నిలబడమన్నాం గానీ, నీకు నువ్వు ఓటేసుకోమన్నామా?"

"అభ్యర్థిని కదా మరిదీ!"

"అందుకే చెప్తున్నాం అక్కా. నీకు ఒక్క ఓటు పడిందనుకో, అది ఎవరిదని వెతుక్కోవాలా? పలకలు నీ కళ్ళముందున్నాయి. నీ చేత్తో నువ్వే పోగొట్టుకుంటావా?"

ఆదివారం ఉదయం సఫ్తా ఉతికిన తలగుడ్డ కట్టుకుని పోలింగుకు వెళ్ళింది. ద్రాగొమీర జాబితాలో ఆరు వందల పన్నెండు పేర్లున్నాయి. వాటిలో నలభై మూడు స్మశానంలో ఉన్నాయి, డెబ్భైకి పైగా ఇటలీలో స్ట్రాబెర్రీలు కోస్తున్నాయి. కానీ పౌరధర్మం తెలిసిన ఊరు కావటంతో ఎప్పుడూ ఒక్క ఓటూ తగ్గదు. సఫ్తా తన పేరు దగ్గర సంతకం పెడుతూ పైగడి చూసింది. అది మరీన్‌ది. సంతకం పెట్టి ఉంది.

"ఈయనెప్పుడొచ్చాడు?" అని అడిగింది.

"పొద్దున్నే వచ్చాడమ్మా. మొదటి పదిమందిలో," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"వాగెట్లా దాటాడు?"

గుమాస్తా పేజీ తిప్పాడు.

తెర వెనక, ఓటు కాగితంమీద ఆమె పేరు అచ్చులో ఉంది. పేరు అచ్చయి చూసుకోవడం ఆమెకు అదే మొదలు. రబ్బరు ముద్ర ఆ పేరుమీద కాసేపు గాలిలో ఆగింది. తరవాత ఓక్ పలకల వాసన గుర్తొచ్చింది. ముద్ర పై గడిలోకి జరిగి బర్జాన్ గారి పేరుమీద పడింది.

సాయంత్రం లెక్క చదివారు. బర్జాన్ గారికి ఆరు వందల పదకొండు. సఫ్తాకు ఒకటి.

ఊరు ఊరంతా ఆమెవైపు తిరిగింది.

"ఒక్క ముద్ర ఆపుకోలేకపోయావా అక్కా! అంత యావా?" అంది గెర్గీనా.

"నేను ఆయనకే వేశానే! మరీన్ సిలువమీద ఒట్టు!"

"మరి నీకు నువ్వు కాక నీకెవరేస్తారు వదినా?" అన్నాడు తనాసె. ప్రశ్నలో న్యాయం ఉందని అందరూ తలలూపారు. సఫ్తా కూడా ఆలోచించి చూసింది. ఆమెకూ ఎవరూ తట్టలేదు.

అప్పుడు మేయరుగారు చేయి పైకెత్తారు. "మిత్రులారా, ఆమెను అనకండి. ఆ ఓటు నాది. రాజధాని బుకారెస్ట్ నుంచి పరిశీలకుడుగారు వచ్చి కూర్చున్నారు. నూటికి నూరు వస్తే ఆయనేమనుకుంటారు? ప్రతిపక్షం లేని ప్రజాస్వామ్యం ఉప్పులేని సంకటి. అందుకే నా విలువైన ఓటును నాకు వ్యతిరేకంగా వేసి ఈ ఊరి పరువు కాపాడాను." గెర్గీనా కళ్ళు తుడుచుకుంది. అంతటి త్యాగం తాను ఎరగనంది. పరిశీలకుడు అప్పటికే నివేదిక రాసేశాడు. "ద్రాగొమీరలో ఎన్నికలు పూర్తిగా స్వేచ్ఛగా జరిగాయి. ఒక పౌరుడు ఏ భయమూ లేకుండా మేయరుకు వ్యతిరేకంగా ఓటు వేయడం నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది."

సోమవారం మాట ప్రకారమే వడ్రంగులు వచ్చారు. పలకలను లారీలోకి ఎక్కించారు. నీళ్ళమీద వంతెన వేయాలన్నదే తప్ప, ఏ నీళ్ళమీద అన్నది ఆచారంలో ఎక్కడా లేదని ఫాదర్ ఇలారియోన్ వారాంతంలో కనుక్కున్నారట. వాగుమీద వేస్తే మేకలు తొక్కుతాయి. వాగు అవతలివాళ్ళకు ఏ ఇబ్బందీ లేదని వాళ్ళే ఓటు ద్వారా తెలియజేశారు, అభ్యర్థితో సహా. అందువల్ల వంతెన మేయరుగారి ఇంటి ముందు చేపల చెరువుమీద లేచింది. రెండువైపులా చెక్కిన కటకటాలు, మధ్యలో వాలుబల్ల. వాగుకు కూడా అన్యాయం జరగలేదు. నాలుగో శంకుస్థాపన రాయి పడింది.

మిగిలింది ఒకే పని. వంతెనమీద మొదట ఒక బీదమనిషి నడవాలి, నడుస్తూ దాత పేరు పలకాలి. ఊళ్ళో అందరికంటే బీద ఎవరని కమిటీ వేశారు. కమిటీ టీ తాగి లేచింది. సఫ్తాకు కబురు వెళ్ళింది.

ఆమె నీళ్ళలో నడిచి, నాలుగు రాళ్ళు ఎక్కి దిగి, తడిసిన లంగా అంచుతోనే చెరువు దగ్గరికి వచ్చింది. ఊరంతా చూస్తూ ఉంది. బర్జాన్ గారు నల్ల సూటులో ఉన్నారు. ఆమె వంతెన ఎక్కి, సగం దూరం నడిచి ఆగింది. పలకలను కాలితో నొక్కి చూసింది. కింద చేపలు నోళ్ళు తెరిచాయి.

"ఎవరి పేరునమ్మా?" అని ఫాదర్ రాగంతో అడిగారు.

"మరీన్ పేరున," అంది సఫ్తా. "ఆయన ఆత్మను దేవుడు చల్లగా చూడుగాక."

"సఫ్తమ్మా!" అని అరిచారు మేయరుగారు. "ఏం మాట్లాడుతున్నావు?"

"ఆయన మీకే ఓటేశాడయ్యా. పొద్దున్నే, మొదటి పదిమందిలో. అంత దూరంనుంచి మీకోసం వచ్చినవాడు మళ్ళీ తిరిగి వెళ్ళాలి కదా. ఎట్లా దాటతాడు?"

పలికిన పేరు వెనక్కి రాదు. మేయరుగారు సూటు గుండీ విప్పుకుని కుర్చీలో కూలబడ్డారు. అంత ఓక్ కర్ర, అంత చెక్కుడు పని ఒక మేకల కాపరి పేరున జమ అయిపోయింది. అక్కడ, ఈపాటికి, మరీన్ చేతులు వెనక్కి కట్టుకుని దాటి వెళ్ళిపోతూ ఉండాలి.

ఆపదలో వకీలే ఆదుకున్నాడు. ఇది ప్రజాస్వామ్య దేశమని గుర్తుచేశాడు. ఒకరు ఒక పేరు చెబితే చెప్పారు. మెజారిటీ ఏమంటుందో చూడాలి కదా?

వెంటనే వరస కట్టారు. తనాసె ముందు నడిచాడు, వెనక గెర్గీనా, ఆ వెనక ఊరంతా. ఒక్కొక్కరే వంతెన ఎక్కి, "ఒక్తావ్ పేరున" అని దిగారు. నడవలేనివాళ్ళను మోసుకొచ్చారు. ఇటలీలో ఉన్నవాళ్ళ తల్లులు ఫోన్లు చెరువుమీదికి చాచి పట్టుకున్నారు. స్ట్రాబెర్రీ తోటల్లోంచి ఆ పేరు కరకరమంటూ వినిపించింది. స్మశానంలో ఉన్న నలభై మూడూ ఎలాగూ అక్కడివాళ్ళవే గనక నేరుగా కలిపేశారు. ఆ నలభై మూడులో మరీన్‌దీ ఉంది. చివరగా మేయరుగారు స్వయంగా నడిచి తన పేరు తానే పలికారు. ఈసారి ప్రతిపక్షానికి త్యాగం చేసే స్థితిలో ఆయన లేరు.

లెక్క తేలింది. ఆరు వందల పదకొండు, ఒకటి. అంకెలు మారలేదు. ఆ ఒకటి ఎవరిదన్నదే మారింది.

చేపల పులుసు వడ్డిస్తుండగా సఫ్తా ఇంటికి బయల్దేరింది. మొదటి రాయి, రెండో రాయి, మూడో రాయి, నాలుగో రాయి. అక్కడ ఆగి లంగా మోకాళ్ళపైకి దోపుకుంది. తక్కినది నీళ్ళు.

మీరూ నేనూ ఆ రోజు అక్కడ లేకపోయాం. ఉంటే లెక్క ఆరు వందల పదమూడు అయ్యేది. మీ బకెట్టు ఏ రంగుదో నాకు తెలియదు. నాది ఎరుపు.